వెనక యాక్సిల్ మీద ఎంత బరువు పడుతోంది?

(పికప్ బండ్ల యజమానులు, డ్రైవర్లు ఒక ఆదివారం ఉదయం హైదరాబాద్ ఆటోనగర్‌లో కలుసుకున్నప్పుడు ఒక టైర్ల షాపు యజమాని చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఎండ ముదరకముందే మొదలుపెడదామని ఎనిమిదింటికే రమ్మన్నాం. చేవెళ్ల నుంచి, పటాన్‌చెరు నుంచి, శామీర్‌పేట నుంచి కూడా వచ్చారు. ఆదివారం కిరాయి వదులుకుని వచ్చినవాళ్ళు మీలో ఉన్నారని నాకు తెలుసు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

నేను 14 ఏళ్ళు బండి నడిపాను. ఆ తర్వాత టైర్ల షాపు పెట్టుకున్నాను. షాపుకొచ్చే పికప్ డ్రైవర్ మొదట అడిగే మాట ఒక్కటే, "అన్నా, ఏ కంపెనీ టైరు మంచిది?" అని. తర్వాత ధర అడుగుతారు. అప్పుడు నేనొకటి అడుగుతాను. "తమ్ముడూ, లోడుతో ఉన్నప్పుడు నీ బండి వెనక యాక్సిల్ మీద ఎంత బరువు పడుతుంది?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్ళు ఇన్నేళ్ళలో పది మంది కూడా ఉండరు. "టన్నున్నర వేస్తానన్నా" అంటారు. అది సరుకు బరువు. నేనడిగింది యాక్సిల్ మీద, అంటే రెండు చక్రాలనీ కలిపే ఇరుసు మీద పడే బరువు. ఈ రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియక నేనే ఒకసారి చాలా పెద్ద తప్పు చేశాను. ముందు అది చెప్పాలి.

2013 మే నెల. తాండూరు నుంచి బండలు వేసుకుని సిటీకి వస్తున్నాం. బండల లోడు ఎలా ఉంటుందో ఇక్కడున్న చాలామందికి తెలుసు. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న ఒక్క నాపరాయి పాతిక కిలోల దాకా తూగుతుంది. యాభై బండలు పేరిస్తే పన్నెండు వందల కిలోలు దాటిపోతుంది. చూడ్డానికేమో ట్రాలీ సగం ఖాళీగానే కనిపిస్తుంది. గడ్డి లోడైతే ఆకాశమంత ఎత్తు కనిపించి భయపెడుతుంది. రాయి అలా భయపెట్టదు. "ఇంకో పది వెయ్యండి" అనాలనిపిస్తుంది. ఆ రోజు నేను అలాగే అన్నాను.

అంతకు మూడు నెలల ముందే వెనక టైర్లు మార్చాను. మార్చిన షాపతను చెప్పిందేమిటంటే, "సైజు అదే అన్నా, 215/75 ఆర్15. రేటు తక్కువ, కుదుపు కూడా ఉండదు." నిజంగానే సైజు అదే. డిస్కుకి, అంటే టైరు ఎక్కించే చక్రానికి చక్కగా కూర్చుంది. బండి కూడా మెత్తగా నడిచింది. నాకు సంతోషంగా ఉండింది. పాత టైరు మీద సైజు పక్కన 106 అని ఉందనీ, కొత్తదాని మీద 100 అని ఉందనీ నేను చూడలేదు. చూసినా ఆ అంకె ఏం చెబుతుందో అప్పటికి నాకు తెలియదు.

చేవెళ్ల దాటాక ఆ మర్రిచెట్ల దారిలో, మధ్యాహ్నం రెండున్నరకి, వెనక ఎడమ టైరు పేలింది. బండి ఎడమకి లాగేసి రోడ్డు దిగిపోయింది. చెట్టుకి తగలలేదు, అదొక్కటే అదృష్టం. కానీ వెనక బండల పక్కన ఇద్దరు హమాలీలు కూర్చుని ఉన్నారు. సరుకు బండి వెనక మనుషుల్ని కూర్చోబెట్టకూడదు. అయినా కూర్చోబెట్టాను, ఆ తప్పు నాదే. బండలు జారి ఒకతని కాలి మీద పడ్డాయి. మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. నాలుగు నెలలు మంచం మీద ఉన్నాడు.

తర్వాత ఆ టైరుని విప్పి చూశాను. గ్రిప్పు కొత్తగానే ఉంది. పక్క గోడ మాత్రం చుట్టూతా చిరిగిపోయి ఉంది. లోపల చెయ్యి పెడితే నల్లటి రబ్బరు పొడి చేతికంటింది. మీలో ఎవరి టైరు విప్పినప్పుడైనా ఆ పొడి కనిపిస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ టైరు చాలా రోజులుగా మోయలేని బరువు మోస్తూనో, గాలి చాలకుండా తిరుగుతూనో లోపల్లోపలే అరిగిపోతోందన్నమాట. దాన్ని మళ్ళీ ఎక్కించకండి. పంచర్ వేసి పంపమని ఎవరైనా అంటే నా షాపులో నేను ఒప్పుకోను.

ఇప్పుడు ఆ అంకెల సంగతి. సైజు తర్వాత వచ్చే అంకెని లోడ్ ఇండెక్స్ అంటారు. అది కిలోలు కాదు, కిలోలకి గుర్తు. 100 అంటే 800 కిలోలు. 104 అంటే 900. 106 అంటే 950. 108 అంటే 1000. 112 అంటే 1120. 115 అంటే 1215. 121 అంటే 1450. ఈ పట్టిక ప్రపంచమంతా ఒకటే, ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. పికప్ టైర్ల మీద చాలాసార్లు రెండు అంకెలుంటాయి, 106/103 లాగా. మొదటిది ఒక్కో వైపు ఒక్క టైరే ఉన్నప్పుడు. రెండోది లారీలకు ఉన్నట్టు జోడు టైర్లు వేసినప్పుడు. మన పికప్‌లకి వెనక ఒక్కొక్కటే కాబట్టి మొదటి అంకె చూసుకోండి. అంకె తర్వాత ఉండే అక్షరం వేగానికి. క్యూ అంటే గంటకి 160 కిలోమీటర్లు, ఎన్ అంటే 140. లోడు బండికి ఆ వేగాలతో పని లేదు కాబట్టి ఆ అక్షరం గురించి అంత ఆలోచించక్కర్లేదు.

మరి నా లెక్క చూడండి. 106 ఉన్నది తీసి 100 వేశాను. ఒక్కో టైరుకి 150 కిలోల బలం పోయింది. అంతటితో అయిపోలేదు. ఆ 100 టైరు కారు టైరు. కారు టైరుని పికప్‌కి వేస్తే దాని మీద రాసిన బరువుని 1.1తో భాగించాలని అమెరికా టైరు ప్రమాణాల్లో ఒక నియమం ఉంది. సరుకు బండిలో బరువు పైకి లేచి ఉంటుంది, ఊగుతుంది, ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ తేడా కోసమే ఆ నియమం. అలా చూస్తే 800 కాస్తా 727 అయింది. రెండు టైర్లకి కలిపి 1450 కిలోలు. పాత టైర్లు రెండూ కలిపి 1900 మోసేవి. ఒకటే సైజు, ఒకటే డిస్కు, నాలుగున్నర క్వింటాళ్ళ తేడా. సైజు అదే కదా అని ఎవరైనా అంటే అందుకే నాకు గుండె దడదడలాడుతుంది.

పీఆర్ అని ఇంకో మాట ఉంది, ప్లై రేటింగ్, టైరు బలానికి గుర్తు. 6 పీఆర్, 8 పీఆర్, 10 పీఆర్. 8 పీఆర్ అంటే లోపల ఎనిమిది పొరలున్నాయని కాదు. పాతకాలంలో టైరు లోపల నూలు గుడ్డ పొరలు వేసేవాళ్ళు. ఎన్ని పొరలుంటే అంత బలం. ఇప్పుడు స్టీలు తీగ, పాలిస్టర్, నైలాన్ వచ్చాయి. పొరలు తగ్గాయి, లెక్క మాత్రం ఆ పాత బలంతో పోల్చి చెప్పేదిగా మిగిలింది. అమెరికా టైర్ల మీద దీనికి బదులు అక్షరం ఉంటుంది. సి అంటే 6 పీఆర్, డి అంటే 8, ఇ అంటే 10. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 లాంటి వాళ్ళ హెవీ డ్యూటీ పికప్‌లకి ఎక్కువగా ఇ అక్షరం టైర్లే వస్తాయి, వాటిలో 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడికి కొలత) దాకా గాలి కొడతారు. ఆ వీడియోలు చూసి కొందరు తమ్ముళ్ళు, "మనమూ 80 కొడదామన్నా" అని వస్తున్నారు. ఆ టైరు వేరు, ఆ డిస్కు వేరు, చివరికి ఆ వాల్వు కూడా వేరు. మామూలు ట్యూబ్‌లెస్ రబ్బరు వాల్వు 65 పీఎస్ఐ వరకే తట్టుకునేలా చేస్తారు. అంతకంటే ఎక్కువ గాలి అవసరమయ్యే టైరుకి ఎక్కువ ప్రెషర్ తట్టుకునే వాల్వు గానీ, మెటల్ వాల్వు గానీ వేయించాలి. డిస్కుకి కూడా మోయగలిగే బరువు హద్దు ఉంటుంది. టైరు మార్చినప్పుడు ఇవన్నీ అడిగి చూసుకోండి.

సరే, యాక్సిల్ బరువు ఎలా తెలుసుకోవాలి? దీనికి మీ ఊళ్ళో ఉన్న వేబ్రిడ్జి చాలు. ముందు ఖాళీ బండిని మొత్తంగా తూకం వేయించండి. తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపి తూకం రాయించుకోండి. ఇక మీరు రోజూ వేసే లోడుతో, రోజూ పేర్చే పద్ధతిలోనే పేర్చి, మళ్ళీ ఈ రెండు తూకాలూ వేయించండి. ఆ చీటీ బండి డాష్‌బోర్డులో పెట్టుకోండి. ఒక్కసారి చేస్తే ఏడాదికి సరిపోతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఖాళీ బండి 1700 కిలోలు అనుకుందాం. ముందు 950, వెనక 750. దాని మీద 1700 కిలోల సిమెంటు వేశాం, అంటే 34 బస్తాలు. ట్రాలీ దాదాపుగా వెనక యాక్సిల్ మీదే కూర్చుని ఉంటుంది కాబట్టి ఆ 1700లో ముందుకి వెళ్ళేది ఏ 250 కిలోలో. మిగతా 1450 వెనకే పడుతుంది. అంటే ముందు 1200, వెనక 2200. ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఒక్కో టైరు మీద 375 కిలోలు ఉండేది. ఇప్పుడు 1100. దాదాపు మూడింతలు. ముందు టైర్ల మీద మాత్రం 475 నుంచి 600 అయింది, అంతే. నాలుగు టైర్లూ ఒకే బండికి ఉన్నా, నాలుగింటి కష్టం ఒకటి కాదు. "టన్నున్నర లోడు, నాలుగు టైర్లు, ఒక్కోదానికి నాలుగు వందల లోపే" అని లెక్క వేసుకునేవాళ్ళు ఇక్కడే పొరబడుతున్నారు.

1100 కిలోలకి కనీసం 112 ఇండెక్స్ కావాలి. నేనైతే 112తో ఆగను. రోడ్డు ఎడమ పక్కకి వాలుగా ఉంటుంది. బస్తాలు రెండు వైపులా సమానంగా పేర్చామనుకుంటాం, పేర్చం. గుంతలో పడ్డప్పుడు ఆ క్షణానికి టైరు మీద పడే దెబ్బ ఇంకా పెద్దది. అందుకని నా షాపులో ఎవరికైనా లెక్క మీద పది శాతమన్నా ఎక్కువ చూసి ఇస్తాను. అంటే 115కి తక్కువ కాకుండా. ఆ తేడాకి అయ్యే డబ్బు గురించి బేరమాడితే నేను నా లాభం తగ్గించుకుంటాను గానీ ఇండెక్స్ తగ్గించను.

(సభలోంచి ఒకరు: అన్నా, అట్లయితే ఇంకా ఎక్కువ ఇండెక్స్ టైరు వేసుకుంటే ఇంకో అర టన్ను వేసుకోవచ్చు కదా?)

వేసుకోకూడదు తమ్ముడూ. మంచి ప్రశ్న అడిగావు, ఇది అందరి మనసులోనూ ఉంటుంది. టైరు బలం పెరిగితే టైరు ఒక్కటే పెరిగింది. కమాన్ కట్టలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు అవే, యాక్సిల్ అదే, బేరింగులు అవే, బ్రేకులు అవే. మన పికప్‌లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులే. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు ఆ అర టన్నుని ఆపాల్సింది ఆ డ్రమ్ములే. ఇంకో రెండు కట్టలు ఎక్కించి కమాన్ బిగిస్తే బండి వెనక భాగం కుంగదు, అంతే. బరువు ఎక్కడికీ పోదు, కుంగనందువల్ల కంటికి కనిపించదు. నీ ఆర్‌సీలో ఖాళీ బరువు, లోడుతో బరువు రెండూ రాసి ఉంటాయి. లోడుతో బరువే నీ హద్దు. చట్టం సంగతి కూడా చెబుతాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడుకి 20,000 రూపాయల జరిమానా, ఆ పైన అదనంగా ఉన్న ఒక్కో టన్నుకీ 2,000. పైగా ఎక్కువైన సరుకుని అక్కడే దింపించవచ్చు. ఎండలో, రోడ్డు పక్కన, వేరే బండి పిలిపించి దింపుకోవడమంటే ఎంత ఖర్చో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గాలి దగ్గరికి వద్దాం. నన్నడిగితే ఈ రోజు మాట్లాడాల్సిన వాటిలో సగం ఇదే. బరువు మోసేది రబ్బరు అనుకుంటాం. రబ్బరు గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే, మోసేదంతా దాదాపు గాలే. 65 పీఎస్ఐ, మనవాళ్ళ మాటలో 65 పాయింట్లు అంటే, చదరపు సెంటీమీటరుకి సుమారు నాలుగున్నర కిలోల ఒత్తిడి. టైరు మీద 900 కిలోలు ఉంటే, నేలని తాకే చోటు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. మీ అరచెయ్యి వేళ్ళతో సహా చాపి చూడండి, దాదాపు అంతే. అలాంటి నాలుగు అరచేతుల మీద మీ బండీ, సరుకూ, మీరూ ఉన్నారు.

గాలి తగ్గితే ఏమవుతుంది? ఇందాకటి 106 టైరే తీసుకోండి. 65 పాయింట్లు ఉంటేనే అది 950 కిలోలు మోస్తుంది. అదే టైరులో 50 ఉంటే దాని శక్తి 800 కిలోలే. అంటే మంచి టైరు కొని, 15 పాయింట్లు తగ్గించి నడిపితే, నేను చేసిన తప్పే మీరూ చేసినట్టు. డబ్బు మాత్రం ఎక్కువ పెట్టారు. టైరు పక్క గోడ మీద చిన్న అక్షరాలతో ఇంత గాలి దగ్గర ఇంత బరువు అని రాసి ఉంటుంది. రెండూ కలిపి చదవాలి.

గాలి తక్కువైన టైరు నేల తగిలిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. మీరు చిన్నప్పుడు ఇనుప తీగని చేత్తో తెంపడానికి అటూ ఇటూ వంచి ఉంటారు. వంచిన చోట వేలు పెడితే కాలుతుంది, ఆ తర్వాత తెగుతుంది. టైరు గోడకి జరిగేది అదే. 215/75 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకి పది చుట్లు తిరుగుతుంది. గంటకి 36,000 సార్లు. ఒక్కో చోట అన్నిసార్లు వంగి లేస్తే పుట్టే వేడి బయటికి పోవాలి. మే నెలలో, బయట గాలే 42 డిగ్రీలున్నప్పుడు, రోడ్డు అంతకంటే మండుతున్నప్పుడు, ఆ వేడి ఎక్కడికి పోతుంది? లోపలే ఉండి రబ్బరుని, తీగల్ని విడదీస్తుంది. వేసవిలో టైర్లు పేలేది ఎండకే అనుకుంటారు. మండుటెండ చివరి దెబ్బ మాత్రమే. బరువు, గాలి తక్కువ, వేగం, ఈ మూడూ అప్పటికే టైరు పని పట్టి ఉంటాయి. మీరు ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే ఆగకుండా చాలాసేపు ఒకే వేగంతో పోతారు. అక్కడ టైరుకి చల్లారే అవకాశమే రాదు. సిటీలో రెండు వేల కిలోమీటర్లు బాగా నడిచిన టైరు ఔటర్ మీద నలభై నిమిషాల్లో పోవడం అందుకే.

ఇంకో పొరపాటు. మధ్యాహ్నం గాలి చూపిస్తారు. 65 ఉండాల్సింది 73 చూపిస్తుంది. "అమ్మో, ఎక్కువైంది" అని ఎనిమిది పాయింట్లు తీయిస్తారు. ఆ ఎనిమిదీ వేడికి పెరిగినవి. ఈ ప్రెషర్ల దగ్గర పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు రెండున్నర పాయింట్లు పెరుగుతాయి. టైరు తయారుచేసినవాళ్ళు ఆ పెరుగుదలని ముందే లెక్కలో ఉంచుకున్నారు. మీరు అది తీసేస్తే తెల్లారేసరికి 57 ఉంటుంది, దానిమీద మళ్ళీ లోడు వేసుకుని బయల్దేరతారు. వేడి టైరులో గాలి తీయకండి. బండి మూడు గంటలు కదలకుండా నిలబడ్డాక చూసేదే అసలు కొలత. ఒక గేజీ కొనుక్కుని బండిలోనే పెట్టుకోండి. బంకులో గాలి మిషన్ చూపించే అంకెని నమ్మి సిమెంటు వేయకండి.

నైట్రోజన్ గురించి అడుగుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. కొట్టించుకుంటే తప్పేమీ లేదు. కానీ నైట్రోజన్ కొట్టించాం కదా అని రెండు నెలలు గేజీ పెట్టకపోవడం మాత్రం తప్పు.

గ్రిప్పు డిజైన్ల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. నిలువు గీతలున్న రిబ్ టైరు తారురోడ్డుకి, స్టీరింగ్‌కి మంచిది. అడ్డంగా పెద్ద కట్లున్న లగ్ టైరు మట్టిలో, క్వారీలో లాగుతుంది, రోడ్డు మీద మోత చేస్తుంది, తొందరగా వేడెక్కుతుంది. రోజుకి రెండు వందల కిలోమీటర్లు హైవే మీద తిరిగి చివరి అర కిలోమీటరు బురదలోకి వెళ్ళేవాళ్ళు ఆ అర కిలోమీటరు కోసం లగ్ వేసుకోవద్దని నా సలహా. రెండూ కలిసిన డిజైన్లు ఉన్నాయి, అవి చూడండి. నైలాన్ టైరా, రేడియలా అంటే హైవే లోడుకి రేడియలే. 1946లో మిషెలిన్ కంపెనీ పేటెంట్ తీసుకున్న పద్ధతి అది. తీగలు అడ్డంగా వేసి, పైన స్టీలు పట్టీ చుట్టడం వల్ల తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ నడుస్తుంది. రాళ్ళ దారుల్లోనే తిరిగే బండికి నైలాన్ గోడ కొంచెం మొండిగా నిలుస్తుంది, ఆ మాట నిజమే. సైజులో మధ్య ఆర్ అని ఉంటే రేడియల్, అడ్డగీత ఉంటే నైలాన్. ఒకే యాక్సిల్‌కి ఒక వైపు ఇది, ఒక వైపు అది మాత్రం వేయకండి.

అరుగుదల సంగతి. గాడుల మధ్యలో చిన్న దిమ్మలుంటాయి. గ్రిప్పు అరిగి వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం, టైరు పని అయిపోయినట్టే. లోడు బండికి నేను అంతదాకా ఆగను. వానాకాలం ముందు 3 మిల్లీమీటర్లు ఉంటే మార్చమంటాను. తెల్లవారుజామున వానలో బోయిన్‌పల్లి మార్కెట్‌కి టమాటా తెచ్చే తమ్ముళ్ళు ఆ తడి రోడ్డు మీద రెండు టన్నులతో బ్రేకు కొట్టాలి. గాడుల్లోంచి నీళ్ళు బయటికి పోకపోతే బండి టైరు మీద కాదు, నీళ్ళ మీద నడుస్తుంది.

(సభలోంచి ఒక మహిళ: మాకు వాటర్ ప్లాంటు ఉందండి, మూడు బండ్లు. అన్నీ గల్లీల్లోనే తిరుగుతాయి, హైవే ఎక్కవు. మాకు కూడా ఇంత లెక్క అవసరమా?)

అవసరమే అక్కా. మీ లెక్క చాలా తేలిక కూడా. ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి ఇరవై కిలోలు, పైన క్యాన్ బరువు కొంచెం. ఎనభై క్యాన్లు వేస్తే 1600 కిలోలు దాటింది. క్యాన్ల సంఖ్య పెంచుతూ పోయేటప్పుడు ఇది గుర్తుండదు. మీ బండ్లకి వేగం లేదు కాబట్టి వేడి తక్కువ. మీకు వచ్చే నష్టం పక్క గోడకి. గల్లీలో మలుపు తిప్పేటప్పుడు ఫుట్‌పాత్ అంచుకి, మ్యాన్‌హోల్ అంచుకి గోడ రాసుకుంటుంది. నిండు లోడుతో స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే లోపల తీగ తెగి గోడ మీద బుడ్డ లేస్తుంది. వారానికోసారి డ్రైవర్ కాకుండా మీరే నాలుగు టైర్లకీ చేతితో తడిమి చూడండి. బుడ్డ చిన్నదైనా సరే, ఆ టైరు తీసేయాలి. బుడ్డకి మరమ్మతు లేదు. లోపలి గోడ కూడా చూడండి, అది బయటికి కనిపించదు.

స్టెప్నీ గురించి చెప్పకపోతే ఈ మాటలన్నీ వృథా. నేను చూసిన పికప్‌లలో సగం బండ్ల కింద వేలాడే స్టెప్నీ గుండు టైరు, లేదా ఎప్పుడో తీసేసిన తక్కువ ఇండెక్స్ టైరు. లోడుతో పంచర్ అయితే ఎక్కేది అదే కదా. అరిగిన దాన్ని, ఆ నిండు లోడు కింద, రాత్రిపూట, మిగతా దారంతా నమ్ముకుంటున్నాం. స్టెప్నీకి కూడా అదే ఇండెక్స్ ఉండాలి, అంతే గాలి ఉండాలి. ఇంకా, కదలకుండా వేలాడినా రబ్బరుకి వయసొస్తుంది. టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైంది. కొత్త టైరు కొనేటప్పుడు ఏడాది కంటే పాతది తీసుకోకండి. వాడుతున్నవి అయిదేళ్ళు దాటితే ప్రతి ఏడాదీ విప్పించి చూపించండి. పదేళ్ళు దాటితే గ్రిప్పు ఎంతున్నా తీసేయండి. పక్క గోడ మీద ఐఎస్ఐ గుర్తు లేని టైరు జోలికి పోకండి. మన దేశంలో అమ్మే టైర్లకి అది తప్పనిసరి.

సెకండ్ హ్యాండ్ టైర్ల గురించి నన్ను నొప్పించకుండా చెప్పమంటారు. నాకు చేతకాదు. అది ఏ బరువు మోసిందో, ఎంత గాలితో తిరిగిందో ఎవరూ చెప్పలేరు. బయట పాలిష్ కొట్టి నల్లగా మెరిపిస్తారు. ఇందాక చెప్పిన నల్ల పొడి లోపల ఉంటుంది. రీట్రెడింగ్‌కి, అంటే అరిగిన టైరు మీద కొత్త గ్రిప్పు వేయించడానికి నేను వ్యతిరేకం కాదు. కేసింగ్, అంటే గ్రిప్పు కింద ఉండే టైరు ఒళ్ళు బాగుంటే, మంచి చోట చేయిస్తే వెనక్కి వేసుకోవచ్చు. ముందు యాక్సిల్‌కి మాత్రం వేయొద్దంటాను. ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు.

(సభలోంచి మరొకరు: రెండే టైర్లు కొనే డబ్బుంటే కొత్తవి ముందు వెయ్యాలా, వెనక వెయ్యాలా?)

వెనకే. ఇందాకటి లెక్క గుర్తు చేసుకో, బరువంతా ఎక్కడ ఉంది? ఇంకో కారణం కూడా ఉంది. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, వేగం తగ్గిస్తే మళ్ళీ దారికొస్తుంది. వెనక టైర్లు జారితే బండి తిరిగిపోతుంది. లోడుతో తిరిగిన బండిని ఎంత మంచి డ్రైవరైనా ఆపలేడు. అయితే ముందు ఉన్నవి మరీ అరిగిపోయి ఉంటే నాలుగూ మార్చు. డబ్బు ఇబ్బంది అయితే నా దగ్గరికి రా, వాయిదాల్లో ఇస్తాను.

ఏ కంపెనీ అని మళ్ళీ అడుగుతారని తెలుసు. మన సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్లు తయారవుతున్నాయి, సత్యవేడు దగ్గర అపోలో టైర్లు తయారవుతున్నాయి. ఇంకా పేరున్న కంపెనీలు చాలా ఉన్నాయి. అన్నింట్లోనూ పికప్‌కి పనికొచ్చే టైరూ ఉంది, పనికిరాని టైరూ ఉంది. వేబ్రిడ్జి చీటీ తీసుకొచ్చి కౌంటరు మీద పెట్టండి. "ఈ బరువుకి, ఈ డిస్కుకి, నా బండి కంపెనీ చెప్పిన సైజులో ఏముంది?" అని అడగండి. అప్పుడు షాపతను మీకు కంపెనీ పేరు చెప్పే ముందు అంకె చెప్పాల్సి వస్తుంది.

టైము పదకొండు దాటింది. మీ బండ్లన్నీ బయట నీడలో మూడు గంటలుగా కదలకుండా ఉన్నాయి. అంటే ఇప్పుడు టైర్లు చల్లగా ఉన్నాయి, గాలి చూడ్డానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. గేటు దగ్గర గేజీ పట్టుకుని మా షాపు మనిషి నిలబడి ఉన్నాడు. కొంచెం కుంటుతూ నడుస్తాడు. పన్నెండేళ్ళ నుంచి మా షాపులో గాలి సంగతి అతనిదే. తాండూరు బండల లోడు మీద ఆ రోజు నాతో వచ్చింది అతనే. ఒక్కొక్కరూ బండి దగ్గరికి వెళ్ళండి. అతను గాలి చూస్తాడు, నేను మీ టైరు మీద ఇండెక్స్ చదివి చీటీ మీద రాసిస్తాను. స్టెప్నీ కూడా దింపి ఉంచండి.